కారుకు రెక్కలెందుకు?

1959లో అమెరికాలో తయారైన కాడిలాక్ కారుకు వెనక రెండు రెక్కలుంటాయి. ఎగరడానికి కావు. వెనక చక్రాల దగ్గర రేకు మెల్లగా లేవడం మొదలై, పోనుపోను పైకెక్కి, కారు చివరకు వచ్చేసరికి కత్తి మొనలా నిలబడుతుంది. ఒక్కొక్క రెక్క నడుమ కాగడా మంటల్లాగా రెండేసి ఎర్ర దీపాలు. కారు పొడవు 18 అడుగుల 9 అంగుళాలు. మన అంబాసిడరు 14 అడుగుల పైచిలుకు మాత్రమే. ఆ రెక్కల వల్ల లోపల కూర్చున్నవాడికి చోటూ పెరగదు, సుఖమూ పెరగదు. ఇది మోటారు చరిత్రకే కిరీటమని ఒక వర్గం వారంటారు. డబ్బు ఎక్కువైనవాడికి పట్టిన వెర్రి అని మరొక వర్గం వారంటారు. అరవై యేళ్ళు దాటినా ఆ తగువు తెమలలేదు.

ఈ తగువు మా కామవరపుకోటకు ఆలస్యంగా వచ్చింది. మిషిగన్‌లో ఉద్యోగం చేస్తున్న మా బావమరిది పోయిన వేసవిలో వచ్చి, వెడుతూ వెడుతూ పాత అమెరికా కార్ల బొమ్మల పుస్తకం ఒకటి మా ఇంట్లో వదిలిపెట్టాడు. ఇటుకంత మందం. పెట్టెలో బరువు మించిందని వదిలాడో, ప్రేమతో వదిలాడో నాకు తెలియదు. ఆనాటి నుంచీ మా ఇంటికి వచ్చిన ప్రతి మనిషీ దాన్ని తిరగేసి, ఏదో ఒక పక్షం పట్టి గాని కాఫీ ముట్టుకోవడం లేదు.

నాకు కారు లేదు. తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. అయినా ఈ తగువులో తలదూర్చడానికి నాకొక హక్కున్నదనుకున్నాను. అలంకారం ఎంతవరకు ఉండాలి, ఎక్కడ ఉండాలి, అసలు ఉండాలా వద్దా అన్న చర్చ మా శాస్త్రంలో వెయ్యేళ్ళ నుంచి నడుస్తున్నది. పదకొండవ శతాబ్దిలో కాశ్మీరంలో క్షేమేంద్రుడనే పండితుడు ‘ఔచిత్య విచార చర్చ’ అని ఏకంగా ఒక గ్రంథమే రాశాడు. నగ ఎంత మంచిదైనా పెట్టవలసిన చోట పెట్టకపోతే నవ్వులపాలవుతుందని ఆయన వాదం. వడ్డాణం మెడకు చుట్టుకుంటే ఎవరు నవ్వరు? ఆయన ఈ కాడిలాక్ చూసి ఉంటే ఏమనేవాడా అని నాలో నేనే నవ్వుకున్నాను.

మా ఫిజిక్సు లెక్చరరు గారిది క్షేమేంద్రుడి పక్షమే. “మాష్టారూ, ఆ రెక్క చేసే పని ఏమిటో చెప్పండి. పని లేని వస్తువుకు అందమేమిటి?” అన్నారు.

నిజానికి ఆ రెక్కకు ఒక కథ ఉంది. 1941లో, రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, జనరల్ మోటార్సులో రూపకల్పన శాఖకు పెద్ద అయిన హార్లీ ఎర్ల్ తన శిష్యులను వెంటబెట్టుకుని డెట్రాయిట్ దగ్గరి సైనిక విమాన స్థావరానికి వెళ్ళి, అప్పటికి రహస్యంగా ఉన్న పి-38 అనే యుద్ధ విమానాన్ని దూరం నుంచి చూశాడు. దానికి తోకలు రెండు. ఆ జంట తోకలు ఆయన మనసులో పడ్డాయి. యుద్ధం ముగిశాక 1948 కాడిలాక్ వెనక దీపాల మీద రేకును చిన్న బొడిపెల్లా లేపారు. మొదట కంపెనీలోనే కొందరు పెదవి విరిచారట. కొన్నవాళ్ళకు మాత్రం నచ్చింది. రోడ్డు మీద పోతున్న పది కార్లలో కాడిలాక్ ఏదో వెనక నుంచి చూసినా తెలిసిపోతుంది గదా!

విమానాల మోజు ఆ రోజుల్లో అమెరికా వారికే కాదు. మన తాడేపల్లిగూడెంలో యుద్ధ కాలంలో తెల్లవాళ్ళు విమానాలు దిగడానికి బాట వేశారు. చుట్టుపట్ల ఊళ్ళ పిల్లలు మెడలు నొప్పి పుట్టేలా ఆకాశం కేసి చూసిన సంగతి మా తాతయ్య చెప్పేవాడు. మనవాళ్ళు చూసి ఊరుకున్నారు, హార్లీ ఎర్ల్ చూసి కారుకు అతికించాడు. అంతే తేడా.

తరువాత పోటీ మొదలైంది. క్రైస్లర్ కంపెనీలో వర్జిల్ ఎక్స్‌నర్ అనే ఆయన 1957 కార్లకు ఇంకా పెద్ద రెక్కలు పెట్టాడు. పైగా, పక్క గాలి కొట్టినప్పుడు రెక్కలు బండిని నిలకడగా ఉంచుతాయని ఆ కంపెనీవారు ప్రచారం చేశారు. ఈ మాట చెబితే మా ఫిజిక్సు లెక్చరరు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. “ఉంచవచ్చు, చాలా వేగం మీద పోతే. మన ఏలూరు రోడ్డు మీద ఆ వేగానికి రెక్కలు కాదు, ఆంజనేయస్వామి దండకం కావాలి” అన్నారు.

1956లో, ఇంకా బజారుకు రాని ఆ క్రైస్లర్ వారి కార్లను జనరల్ మోటార్సులోని ఒక యువ డిజైనరు కంచె అవతలి నుంచి చూసి పరుగున వెనక్కి వచ్చాడట. మిగతావాళ్ళు కూడా వెళ్ళి చూసి, తాము గీసుకున్న బొమ్మలన్నీ పక్కన పడేసి మళ్ళీ మొదలుపెట్టారట. ఆ కంగారులోంచి పుట్టినదే 1959 కాడిలాక్. అంతకు మించి పెరగడానికి రెక్కకు చోటు లేదు. మరుసటి యేడు నుంచే తగ్గుముఖం పట్టి, 1965 నాటికి మాయమైపోయింది.

ఇక్కడ మా మామయ్య సంగతి చెప్పాలి. మా అమ్మకు తమ్ముడు. ఏలూరు పవరుపేటలో నలభై యేళ్ళు టింకరింగు పని చేసినవాడు. సొట్టపడిన రేకును సుత్తితో సముదాయించి మళ్ళీ దాని రూపానికి తీసుకురావడం ఆయన విద్య. వేలి కొసలతో తడిమి ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం చెప్పగలడు. పుస్తకంలోని 1959 కాడిలాక్ బొమ్మను ఆయన వాకిట్లోకి తీసుకుపోయి వెలుతుర్లో చాలాసేపు చూశాడు.

“ఒరేయ్ అబ్బాయ్, ఇంత పొడుగు రేకును ఒక్క మడత లేకుండా ఇంత పైకి లాగినవాడికి దణ్ణం పెట్టాలి. పనికొస్తుందా అని అడుగుతావేంటి? ఎడ్ల కొమ్ములకు ఇత్తడి కుప్పెలు పెట్టేవాళ్ళం, అవి దున్నుతాయా?” అన్నాడు.

అని ఊరుకోలేదు. అంబాసిడరు వెనక దీపం మీద రేకు కొంచెం లేచి ఉంటుందనీ, అది కూడా ఈ రెక్కల వంశానికి చెందినదేననీ నాకు చూపించాడు. అంబాసిడరు ఇంగ్లండు నుంచి వచ్చిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అచ్చు. ఆ ఇంగ్లండు వాళ్ళకు ఈ జబ్బు అమెరికా నుంచి సోకింది. పద్మిని అని పిలుచుకున్న మన ఫియట్‌కూ అంతే, వెనక మూలల్లో చిన్న చిన్న మొనలు. అమెరికాలో రెక్కలు పోయిన ఎన్నో యేళ్ళకు కూడా మన టాక్సీలు వాటిని మోస్తూనే తిరిగాయి. 2014లో ఉత్తరపారా కర్మాగారం మూతపడేదాకా అంబాసిడరు వస్తూనే ఉంది. మనం పెళ్ళిళ్ళకు ఎక్కిన కార్లకు రెక్కలున్న సంగతి నాకు నలభై దాటాక తెలిసింది.

మామయ్య కుప్పెల మాట అన్న వారానికి ఇంటరు పిల్లలను గుంటుపల్లి కొండకు తీసుకువెళ్ళాను. మా మండలంలోనే, జీలకర్రగూడెం పక్కన. క్రీస్తుకు పూర్వం బౌద్ధ భిక్షువులు తొలిపించుకున్న గుహలవి. అందులో గుండ్రటి చైత్య గృహం ఒకటుంది. లోపలికి పోయి తలెత్తి చూస్తే కప్పుకు దూలాలూ వాసాలూ వరసగా కనిపిస్తాయి. అన్నీ రాతివే. కొండను తొలిచిన గుహకు వాసాలెందుకు? అవి దేన్నీ మొయ్యడం లేదు. కొండే కొండను మోస్తున్నది. అంతకు పూర్వం కర్రతో కట్టుకున్న ఇళ్ళు ఆ శిల్పుల కళ్ళల్లో మెదిలి ఉంటాయి. పని పోయినా రూపాన్ని వదలలేక రాతిలో చెక్కారు. మా ఫిజిక్సు లెక్చరరు గారు కూడా వెంట వచ్చారు. ఆ వాసాలను చూసి ఆయన “ఆహా” అన్నారు. “వీటి పని ఏమిటండీ?” అని అడిగాను. నాకేసి ఒక చూపు చూసి, పిల్లలను లెక్కపెట్టడానికి వెళ్ళిపోయారు.

కనుక పని లేకపోవడం ఒక్కటే నేరం కాదని నాకు తేలిపోయింది. మరి కొన్నింటిని చూస్తే నవ్వెందుకు వస్తుంది?

నవ్వు వచ్చేవాటికి ఆ పుస్తకంలో కొదవ లేదు. 1914లో పియర్స్-ఆరో అనే గొప్పింటి కారు ముందు దీపాలను తీసి చక్రాల మీది మడ్‌గార్డుల్లోకి దిగేసింది. చూస్తే కప్ప కళ్ళే. నచ్చనివారికి మామూలు దీపాలు పెట్టి ఇస్తామని కంపెనీవారే ఒక దారి ఉంచారు. అయినా కొన్నవారిలో ఎక్కువమంది కప్ప కళ్ళే కావాలన్నారు. 1934లో క్రైస్లర్ ఎయిర్‌ఫ్లో గాలికి ఎదురీదకుండా గుండ్రంగా వచ్చింది. శాస్త్రం ప్రకారం అదే సరి. జనం మాత్రం మొహం తిప్పుకున్నారు. 1937 తరువాత దాన్ని ఆపేశారు. కొన్నేళ్ళు పోయేసరికి లోకంలోని కార్లన్నీ గుండ్రబడ్డాయి. ముందు పుట్టడం కూడా ఒక తప్పే కాబోలు!

ఫోర్డు వారి ఎడ్సెల్ గురించి నాలాంటి సాహిత్యం మనిషి చెప్పకుండా ఉండలేడు. దీన్ని పెద్ద గొప్ప కార్లలో చేర్చరు, మధ్యతరగతి మెట్టు మీదిది. దానికి పేరు పెట్టమని 1955లో మెరియన్ మూర్ అనే ప్రసిద్ధ కవయిత్రిని కంపెనీవారు ఉత్తరం రాసి అడిగారు. ఆవిడ ఎన్నో పేర్లు పంపింది. అందులో ‘యుటోపియన్ టర్టిల్‌టాప్’ ఒకటి, అంటే స్వర్గలోకపు తాబేటి చిప్ప అనుకోండి. కంపెనీవారు గులాబీలు పంపించి, ఆ పేర్లేవీ పెట్టకుండా యజమానుల కుటుంబంలోని పెద్దాయన పేరే పెట్టుకున్నారు. మన కవులకు శాలువా కప్పి పద్యం వినకుండా పంపించేసినట్టు! 1957 సెప్టెంబరులో కారు బయటికి వచ్చింది. మూతి మధ్య గుర్రం మెడపట్టీ లాగా నిలువు జాలీ. నిమ్మకాయ చప్పరిస్తున్న ఓల్డ్స్‌మొబీల్ కారులా ఉందని జనం ఎగతాళి చేశారు. 1959 నవంబరులో దాని కథ ముగిసింది. మా నిమ్మతోటల వాళ్ళకు ఆ పోలిక విడమరిచి చెప్పనక్కరలేదు.

మా ఆవిడకు ఇవేవీ నచ్చలేదు. ఆవిడ ఓటు 1961 లింకన్ కాంటినెంటల్‌కు పడింది. ఎల్వుడ్ ఎంగెల్ గీసిన కారు అది. రెక్కల్లేవు, బొడిపెల్లేవు. పక్కలు గోడలా చదును, అంచున సన్నని వెండి గీత. వెనక తలుపులు ఎదురు దిక్కుకు తెరుచుకుంటాయి. “ఇస్త్రీ చేసిన తెల్ల పంచె కట్టుకున్న పెద్దమనిషిలా ఉంది” అంది. “శవపేటికలా ఉందమ్మాయ్” అన్నాడు మామయ్య. “మీకు మెరుపులుంటే గాని ఆనదు బాబాయిగారూ” అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. నా మట్టుకు నాకు ఆ కారు అందమైనదే. కాకపోతే తెల్ల పంచెను అంత మడత నలగకుండా కట్టడానికి ఎంతసేపు పడుతుందో ఇంట్లో వాళ్ళకు తెలుసు.

ఇంతవరకూ తగువు సరదాగానే నడిచింది. పుస్తకం చివరి భాగంలో 1958 పాకార్డ్ దగ్గర ఆగిపోయింది.

పాకార్డ్ అంటే సామాన్యమైన ఇల్లు కాదు. 1899లో మొదలైంది. రెండు యుద్ధాల నడుమ అమెరికాలో పాకార్డ్ ఎక్కినవాడు మరొక మాట చెప్పుకోనక్కరలేదు. కారు సంగతి కావాలంటే కొన్నవాణ్ణే అడగండి అన్నది వారి ప్రకటన. అంత ధీమా! యుద్ధ కాలంలో రోల్స్-రాయిస్ వారి మెర్లిన్ విమాన యంత్రాలను తయారుచేసి ఇచ్చినవారు. తరువాత పెద్ద కంపెనీల పోటీకి తట్టుకోలేకపోయారు. వారికి కారు ఒళ్ళు తయారుచేసి ఇచ్చే సంస్థను 1953లో క్రైస్లర్ కొనేసుకుంది. 1954లో స్టుడీబేకర్ కంపెనీతో కలిసిపోయారు. తీరా చూస్తే వాళ్ళ పరిస్థితి వీళ్ళకంటే అధ్వాన్నం. చివరి రెండేళ్ళూ, అంటే 1957, 1958లలో, పాకార్డ్ పేరుతో బజారుకు వచ్చినవి నగలు మార్చిన స్టుడీబేకర్లే.

ఆ ఏడు అందరూ ముందు నాలుగు దీపాలు పెడుతున్నారు. కొత్త ఉక్కు అచ్చులు పోయించడానికి పాకార్డ్ దగ్గర డబ్బు లేదు. అందుకని రెండు దీపాలు పట్టే చోట నాలుగు పట్టేలా ఫైబర్ గ్లాసు దొప్పలు చేసి అతికించారు. వెనక, అప్పటికే ఉన్న రెక్కల మీద ఇంకో జత రెక్కలు ఎక్కించారు. పాకార్డ్ హాక్ అనే ఇంకొక దానికి దీపాలు రెండే గాని, ముక్కు భాగమంతా ఫైబర్ గ్లాసే. అడ్డంగా వెడల్పుగా తెరిచిన నోరు. చేప నోరు అని అమెరికాలో దానికి పేరు పడింది. మా అమ్మాయి చూస్తూనే “నాన్నా, కొల్లేరు బొచ్చె!” అని విరగబడి నవ్వింది. నిజంగా బొచ్చె చేప నోరే. ఫిజిక్సు లెక్చరరు గారు నవ్వారు. మా ఆవిడా నవ్వింది. “అరువు సొమ్ములు పెట్టుకుని పెళ్ళికొచ్చిన వాళ్ళలా ఉంది” అంది.

మామయ్య నవ్వలేదు. దీపం దొప్పకూ రేకుకూ మధ్య సన్నని గీత మీద వేలు పెట్టి, “ఇది రేకు కాదురా, అతుకు” అన్నాడు. తరువాత నాకేసి చూశాడు. ఆయనకేమి గుర్తొచ్చిందో నాకు తెలిసింది.

మా అక్క పెళ్ళి 1994లో జరిగింది. ఆ ఏడు పొగాకు మమ్మల్ని ముంచింది. పెళ్ళికూతురు మెళ్ళో ఏమీ లేకపోతే బాగుండదని మా అమ్మ, దగ్గరి బంధువుల ఇంటికి వెళ్ళి కాసులపేరు అడిగి తెచ్చింది. పెళ్ళి జరుగుతున్నంతసేపూ ఆవిడ కళ్ళు పెళ్ళికొడుకు మీద లేవు, మంగళసూత్రం మీద లేవు, ఆ కాసుల మీదే ఉన్నాయి. వియ్యాలవారి వైపు ఒక పెద్దావిడ దాన్ని చేత్తో పట్టుకుని చూసి, “ఇది ఫలానా వాళ్ళమ్మాయి పెళ్ళిలో చూసినట్టుందే!” అని పదిమందీ వినేలా అంది. ఎవరో నవ్వారు. అమ్మ ఏమీ అనలేదు. పక్కకు వచ్చి, వడ్డించే వాళ్ళను నెయ్యి తెమ్మని కేకలేసింది.

నాకు అప్పుడు పద్నాలుగేళ్ళు. పెళ్ళికి ముందు మామయ్య తన షెడ్డులోని గ్యాసు వెల్డింగు సామాను తాకట్టు పెట్టి గొలుసు చేయిస్తానన్నాడనీ, “నీ చేతులు తాకట్టు పెట్టి నా కూతురికి నగ వద్దురా” అని అమ్మ అన్నదనీ నాకు చాలా యేళ్ళ తరువాత తెలిసింది. అమ్మ పోయి ఆరేళ్ళయింది.

1959 కాడిలాక్ చూసి నవ్వవచ్చు. అది నవ్వుకు ఓర్చుకోగలదు. కలిగినవాడు తన ఇష్టం కొద్దీ పెట్టుకున్న కిరీటం అది. గుంటుపల్లి శిల్పులు తమ పూర్వీకుల ఇంటి వాసాలను తలుచుకుని రాతిలో పెట్టుకున్నారు. అదీ వాళ్ళ సొంతమే. పాకార్డ్ సంగతి వేరు. నలుగురిలో నిలబడాలి, నిలబడడానికి చేతిలో ఏమీ లేదు. క్షేమేంద్రుడు చెప్పిన ఔచిత్యం అక్కడ తప్పిందంటే ఒప్పుకుంటాను. దొప్పలు దీపాలకు నప్పలేదు, రెక్కలు రెక్కల మీద నప్పలేదు. పరీక్షలో దిద్దమంటే మార్కులు వెయ్యను. కాని వంద మంది నవ్వుతున్న చోట నేను నూట ఒకటోవాణ్ణి కాలేను.

ఈ మాట మా ఆవిడకు చెప్పాను. ఆవిడ మాత్రం ఒప్పుకోలేదు. “మీ అమ్మగారు ఆడపిల్ల మర్యాద కోసం తెచ్చారు. వీళ్ళు కారు అమ్ముకోవడానికి పెట్టారు. కొనేవాడి దగ్గర కొత్తదని డబ్బు పుచ్చుకున్నారు గదా, రెండూ ఒకటెలా అవుతాయండీ?” అంది. ఆవిడ అన్నదాంట్లో న్యాయం ఉంది. దానికి నేనింకా జవాబు వెతుక్కుంటున్నాను. కంపెనీలో ఆ దొప్పలు గీసినవాడొకడు ఉంటాడు గదా, వాడికి ఆ యేడు ఇంటి దగ్గర ఎలా గడిచిందో అని మాత్రం అనిపిస్తుంది.

పాకార్డ్ హాక్‌లు మొత్తం 588 తయారయ్యాయి. 1958 వేసవిలో ఆ పేరుతో కార్లు రావడమే ఆగిపోయింది. ఆ రోజుల్లో ఎవరూ కన్నెత్తి చూడని ఆ బొచ్చె నోటి కార్లను ఇప్పుడు అపురూపంగా దాచుకునే వాళ్ళున్నారని పుస్తకంలో రాసి ఉంది. అరుదైనవి గనకా, వింత మూతి గనకా.

ఆ మాట మామయ్యకు చదివి వినిపించాను. “ఉంటార్రా. ఉక్కు అయితే ఈపాటికి తుప్పు పట్టి పోయేది. ఫైబరు తుప్పు పట్టదు. ఆ బండిలో మిగిలేది ఆ అతుకే” అన్నాడు. తరువాత ఆ అతుకును దేనితో అతికించి ఉంటారు, లోపల బోల్టులు ఏ వైపు నుంచి బిగించి ఉంటారు అని బొమ్మను అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. మా బావమరిదికి ఫోను చేసి కనుక్కోమన్నాడు.